వెనక చక్రం

తిరగలేదు. మెకానిక్ జేమ్సు హ్యాండిల్ పట్టి లాగినా, కోడలు అలివేలు వెనక నుంచి నడుం వంచి తోసినా స్కూటరు వెనక చక్రం రవ్వంత కూడా తిరగలేదు. మేడమెట్ల కింది గూటిలోంచి వఠారం ముంగిట్లోకి బండి ఈడ్చుకుంటూ వచ్చిందే గానీ దొర్లుతూ రాలేదు. వచ్చిన దారి పొడుగునా మన్నులో గీత పడింది, ఆ గీతను చూస్తూ గడప మీద కూర్చుని ఉంది భాగీరథమ్మ. చూడకూడదని అటు తిరుగుతుంది, మళ్ళీ చూస్తుంది. జేమ్సు వెళ్ళిపోయాడు. అలివేలు కూడా వెళ్ళింది, రోడ్డు మీది ఫోను అంగడికి, హొసకోటలో ఉండే అన్న వెంకటగిరియప్పను టెంపో తీసుకుని రమ్మని చెప్పడానికి. చక్రం తిరిగి ఉంటే ఆ ఫోనుతో పనిలేదు. చక్రం తిరిగి ఉంటే అలివేలు రేపటి నుంచి హూడిలో కొత్తగా దొరికిన పనికి ఇక్కడి నుంచే పోయి వస్తుంది, కంపెనీలో తుడిచే ఆడవాళ్ళ మీద మేస్త్రీ పని, పొద్దున ఆరు కాకముందే అక్కడ ఉండాలి, ఆ వేళకు బస్సును నమ్ముకోవడానికి లేదు. తిరగలేదు కాబట్టి హూడిలో గది, అన్న చూసిపెట్టిన గది, తల్లీ బిడ్డా చాపలు పరిస్తే నిండిపోయే గది. అత్తను రమ్మని ఎవరూ అనలేదు. రావద్దనీ అనలేదు. రావద్దంటే ఎందుకని అడగవచ్చు, కోపం తెచ్చుకోవచ్చు, ఏమీ అనకపోతే ఏం చేయాలి, బియ్యంలో రాళ్ళు ఏరాలి, ఏరిన బియ్యంలోనే మళ్ళీ ఏరాలి.

జేమ్సు మంచివాడే. రోడ్డు మలుపులో అంగడి, భాగీరథమ్మ కొడుకు ఓబళప్ప బతికున్నప్పుడు ఈ బండిని చూసింది అతనే, కానీ నోరు ఊరుకోదు. టార్పాలిన్ అవతలకు లాగేసి, చక్రాల కింద చెయ్యి పెట్టి తడిమి, నల్లగా రాయిలా గట్టిపడిన నిమ్మకాయలు బయటికి తీశాడు, అరచేతిలో గలగలలాడించి వీటితో గోలీలాడుకోవచ్చన్నాడు. ముందు బ్రేకు నొక్కితే పిడి ఊరికే వచ్చి వేళ్ళకు తగిలింది, లోపలి తీగ ఎప్పుడో తెగిపోయింది. వెనక బ్రేకు తొక్కితే తొక్కిన పెడలు తొక్కినట్టే ఉండిపోయింది. చక్రం పక్కన తీగ చివరి నట్టు వదులు చేశాడు, నూనె డబ్బా ముక్కు సందులో దూర్చి నాలుగు చుక్కలు వదిలాడు, ఊరనీ అన్నాడు, లాగారు, తోశారు, తిరగలేదు. అప్పుడు చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

“కడిగి మూసిపెట్టినోళ్ళు ఎవరవ్వా దీన్ని? తలకు పోసి, తడి ఆరకుండా దుప్పటి కప్పితే మనిషికే జలుబు చేస్తాది. లోపల డ్రమ్ముకీ బ్రేకుకీ తుప్పుపట్టి పెండ్లయిపోయుండాది. విడాకులు ఇప్పించాలంటే చక్రం ఊడదీయాల, నాకు బుధవారం దాకా పురుసొత్తు లేదు.”

అలివేలు అత్తను ఒకసారి చూసింది, ఎంతసేపు చూసిందో కూడా తెలియనంత తక్కువసేపు, చెప్పులేసుకుని గేటు దాటింది. ఆ చూపే ఇప్పుడు గడప మీద పక్కన కూర్చుని ఉంది. కోపంగా చూసినా బాగుండేది. రెండేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర, ఒకే దుఃఖం చుట్టూ తిరుగుతూ ఒకరికొకరు తగలకుండా మెలిగారు ఇద్దరూ. ఒకరు ఏడ్చిన రోజు ఇంకొకరు నీళ్ళు పట్టడానికి బయటికి పోయేవాళ్ళు. ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే బిడ్డ చైత్ర భయపడుతుందని ఎవరూ అనుకోకుండానే పెట్టుకున్న వంతు అది. ఆ వంతు హూడి గదిలో ఎవరితో పెట్టుకుంటుంది అలివేలు? ఇక్కడ తను ఎవరితో పెట్టుకుంటుంది?

కడిగింది తనే. ఇంకెవరు కడుగుతారు. ఓబళప్పకు కామెర్లు ముదిరి ఆటోలో ఆసుపత్రికి బయల్దేరిన పొద్దున, అలివేలు ఒక పక్క పట్టుకుని కూర్చుంటే, వాడు తల బయటికి పెట్టి బండి చూసుకోమ్మా అన్నాడు. బిడ్డను చూసుకో అనలేదు, వారంలో తిరిగొచ్చేవాడు ఎలా అంటాడో అలాగే అన్నాడు, కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి, ఆమె తల ఊపింది, ఆటో కదిలింది. బండిని ఎలా చూసుకుంటారో ఆమెకేం తెలుసు. బిడ్డనైతే తెలుసు, ఆవునైతే తెలుసు, ఇనుమును చూసుకోవడమంటే తెలిసింది ఆయుధపూజ ఒక్కటే. చిక్కపేటలో మొగుడు గురప్ప పనిచేసిన బట్టల అంగట్లో ఆ రోజు గజంబద్దకూ కత్తెరకూ తాళంకప్పకూ కూడా బొట్లు పెట్టేవాళ్ళు. వాడు పోయిన ఏడాది దసరాకు ఆమె ఒక్కతే టార్పాలిన్ విప్పి, బిందెడు నీళ్ళు పోసి, సబ్బు నురగతో రుద్ది, మురికి ఎక్కడ దాక్కుందోనని చక్రాల సందుల్లోకి మగ్గుతో విసిరి విసిరి కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, చామంతి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నిమ్మకాయలు పెట్టాక బండి నడవాలి. చక్రం వాటిని తొక్కిపోవాలి, దిష్టి చితికిపోవాలి. నడిపేవాడు లేడు. అలివేలును పిలుద్దామంటే లోపల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అందుకని నిమ్మకాయలను అలాగే ఉంచి, తడి తడిగానే టార్పాలిన్ కప్పి, గాలి చొరకుండా నాలుగు మూలలా తాడు బిగించి కట్టింది. మరుసటి దసరాకూ అంతే. వాడు నడిపే రోజుల్లో కడిగిన వెంటనే వీధిలో ఒక చుట్టు తిరిగొచ్చేవాడు, గాలికి ఆరిపోయేది, వేడికి ఆరిపోయేది, ఆ తిరగడం కూడా పూజలో భాగమేనని ఎవరూ చెప్పలేదు. చూసుకోమన్నాడు, చూసుకుంది, ఎంత చూసుకుంటే అంత బిగుసుకుపోయింది లోపల.

స్టేషన్ వైపు నుంచి రైలు కూత వేసింది. ఆ కూతకు ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది, స్టేషన్ పక్కన కాపురం పెట్టి ఇన్నేళ్ళయినా. చెల్లెలు గంగమ్మ ఆ స్టేషన్‌లోనే రైలెక్కింది, మొగుడికి షోలాపూరు మిల్లులో పని దొరికిందని. దానికి దారిలో తినడానికని జామకాయలు కొనుక్కుని పోయింది భాగీరథమ్మ, మంచివి, గింజ తక్కువవి, ఎంచి ఎంచి తీసుకుంది. కిటికీ దగ్గర నిలబడి ఏవేవో చెప్పుకున్నారు, ఎవరి పిల్లకు దగ్గు, ఎవరి అత్తకు నోరెక్కువ, రైలు కదిలింది, ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు, రైలు పోయాక చూసుకుంటే సంచి తన చేతిలోనే ఉంది. పిల్లా, జామకాయలు, అని ఖాళీ పట్టాల వైపు అంది. గంగమ్మను మళ్ళీ చూడలేదు. కబురు వచ్చేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. గురప్ప మాత్రం వచ్చాడు. అప్పట్లో చిక్కపేట వెనక సందులో కాపురం, పొద్దున సద్దిగిన్నె పట్టుకుని నడుస్తూ పోయిన మనిషి సాయంత్రం బట్టల మూటలు లాగే తోపుడుబండి మీద ఊపిరి లేకుండా వచ్చాడు, హమాలీలు కింద చీరల గోనెలు పరిచి పడుకోబెట్టి తెచ్చారు, గతుకుల్లో తల కదలకుండా ఒకతను చేతులతో పట్టుకుని నడిచాడు. ఆ చక్రాలు కిర్రుమన్నాయి సందు మలుపులో, ఎవరిదో సరుకు వస్తోందనుకుంది తను. రైలు, తోపుడుబండి, ఆటో. చక్రాలున్నవన్నీ మనుషులను తీసుకుపోయినవే. ఇదొక్కటే నిలిచింది. ఇదొక్కటి ఎక్కడికీ పోలేదు, ఎవర్నీ తీసుకుపోలేదు. మెట్ల కింద చీకట్లో టార్పాలిన్ కప్పుకుని ఉంటే సందెవేళ అటు పోయినప్పుడల్లా ఓబళప్ప ముసుగు తన్ని పడుకున్నట్టే ఉండేది. అలివేలు ఈ బండి తీద్దాం అత్తా అన్న రోజు ఆమె సరేనంది గానీ కడుపులో ఏదో వద్దంది. ఆ వద్దన్నది బండికి వినబడిందా? ఛీ, ఏం ఆలోచన. ఇనుముకు చెవులుంటాయా.

ఎంతసేపైంది. ఫోను అంగడిలో జనం ఉంటే నిలబడాలి. వెంకటగిరియప్ప టెంపో బాడుగకు పోయి ఉంటే రేపు వస్తానంటాడు. వట్టిదే, చెల్లెలు పిలిస్తే బాడుగ వదులుకుని వస్తాడు, మంచి మనిషి, అందరూ మంచివాళ్ళే, మంచివాళ్ళే వచ్చి తీసుకుపోతారు. ఏమేం ఎక్కిస్తారు? చైత్ర పక్కబట్టలు, అలివేలు కుట్టు మిషను, గ్యాసు వాళ్ళకే ఉండాలి, తనకు కిరసనాయిలు పొయ్యి చాలు, తనకేం కావాలి, చదవడానికి కాగితాలుంటే చాలు. ధర్మవరం నుంచి చిక్కపేటకు వచ్చే పట్టుచీరల మూటలకు లోపల తెలుగు పేపర్లు చుట్టేవాళ్ళు, గురప్ప వాటిని మడిచి ఇంటికి తెచ్చేవాడు, వాటి మీదే అక్షరాలు దిద్దుకుంది పెళ్ళయ్యాక. కొట్టు పేర్ల బోర్డుల మీద కన్నడమూ వాటి సాయంతోనే పట్టుబడింది, తలకట్టు ఒకటి మారితే అక్కడక్కడ అదే అక్షరం. కథలుండేవి వాటిలో. కానీ పేపరు చీరకు సరిపడా చింపేవాళ్ళు కాబట్టి ఏ కథా పూర్తిగా దొరికేది కాదు. పెద్ద కూతురు బావి దగ్గరకు పోయిందనే చోట చిరిగేది, తలుపు తట్టిన శబ్దం వినబడిందనే చోట చిరిగేది. మిగిలినవి తనే కల్పించి ఇప్పుడు చైత్రకు చెబుతుంది, ఆ పిల్ల ప్రతి కథకూ తర్వాత ఏమైంది అవ్వా అంటుంది. తర్వాత ఆ అమ్మాయి బావి దగ్గర నుంచి వచ్చేసింది. తర్వాత తలుపు తట్టింది వాళ్ళ నాన్నే. ఎన్నింటికి చెప్పలేదు అలా. మధ్యాహ్నం ఆ పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు టెంపో ఉంటే, తర్వాత ఏమైంది అని అడిగితే, ఏం చెప్పాలి.

లేచింది. ఎందుకు లేచిందో తెలియదు, కాఫీకి అనుకుంది. ఫిల్టరు పై గిన్నె కింది గిన్నెలో బిగుసుకుని ఉంది, అలివేలు పొద్దున హడావిడిలో తడితడిగా దోపేసింది, ఇది రోజూ ఉన్నదే. లాగితే రాదు. లాగే కొద్దీ బిగుస్తుంది. అట్లకాడ పిడితో అంచు చుట్టూ తడుతూ పోవాలి, గట్టిగా కాదు, తిప్పుతూ, ఒక చోట కాదు, అన్ని చోట్లా, ఎక్కడో ఒకచోట దానికి మనసొస్తుంది, టక్కుమంటుంది. టక్కుమంది. రెండు గిన్నెలూ రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది భాగీరథమ్మ. తర్వాత వాటిని బండ మీద పెట్టింది. మరీ మొండికేస్తే కాగిన నీళ్ళు పోస్తాం, ఆలోచన వచ్చినంతలో చెయ్యి చెంబు మీదికి పోయింది కూడా, నీళ్ళా, మళ్ళీ నీళ్ళా, సిగ్గుండాలి అని చెంబును దూరంగా జరిపింది. పచ్చడి దంచే రోకలి తీసుకుంది, కొసకు పాత రవికె గుడ్డ చుట్టింది, ముంగిట్లోకి వచ్చి స్కూటరు వెనక నేల మీద కూర్చుంది. కూర్చోవడానికే మోకాళ్ళు అరిచాయి. చక్రం మధ్యలో గుండ్రటి ఇనుప గిన్నె. ఇదేనా డ్రమ్మంటే. ఇది ఫిల్టరు కంటే పెద్దది గానీ మొండితనం ఒకటే. తట్టింది. చుట్టూ తట్టింది, చెయ్యి అందనిచోట ఒరిగి తట్టింది, తుప్పు కారం పొడిలా రాలి చీర మీద పడింది.

కుళాయి దగ్గర బిందె నింపుకుంటున్న పక్కింటి వెంకటలక్ష్మి చూసింది. వఠారంలో ఏది జరిగినా ఆమె బిందె నిండదు.

“ఏమి భాగీరథక్కా, బండిని జోకొట్టి నిద్రబుచ్చుతాండావా?”

“లేపుతాండా. రెండేండ్లు పండుకునింది చాలదా.”

“ఎవురికని ఇంత పాటు? ఈ పొద్దే ఖాళీ చేస్తారంట గదా మీ కోడలోళ్ళు.”

ఆమెకూ తెలిసిపోయింది. రోకలి ఇచ్చింది జవాబు. తట్టడం, లేవడం, హ్యాండిల్ పట్టి ముందుకు తోయడం, రాకపోతే మళ్ళీ కూర్చోవడం. ఎవరికని. ఈ బండి మీద అలివేలు నేర్చుకునేటప్పుడు ఎన్ని మాటలంది తను, ఆదివారం ఆదివారం ఓబళప్ప వెనక కూర్చుని, అది ముందు కూర్చుని, రైల్వే క్వార్టర్సు మైదానంలో తిప్పేవాళ్ళు, ఆడది బండి తోలుకుని ఎక్కడికి పోవాలంట, ఎవర్ని వదిలేసి పోవాలంట అని కొడుకు ముందే అంది. ఓబళప్ప నవ్వాడు. పోయేది వచ్చేదానికే కదమ్మా అన్నాడు. అప్పుడది అర్థమున్న మాటగా వినబడలేదు. గంగమ్మ పోయేటప్పుడు ఎవరన్నా ఇలా అని ఉంటే, షోలాపూరు నుంచి వచ్చే రైలు కూడా ఇదే పట్టాల మీద వస్తుందని ఎవరన్నా చెప్పి ఉంటే, తను ఒకసారైనా ఎక్కి పోయి ఉండేదేమో. ఎప్పుడూ ప్లాట్‌ఫారం మీద నిలబడటమే వచ్చింది తనకు. తట్టింది. జేమ్సు వదిలిన నూనె సందులోంచి ఎర్రగా ఊరి కారింది, నెత్తురులా కాదు, చింతపండు పులుసులా, ఎంత తుప్పు, తన చేత్తో పోసిన నీళ్ళ తుప్పు. ఓబళూ, చూసుకోమని చెప్పినోడివి ఎలా చూసుకోవాలో చెప్పి పోతే ఏం పోయేదిరా. మొదటిసారి వాడి మీద కోపం వచ్చింది. రెండేళ్ళలో ఎప్పుడూ రానిది, ఇంతదాకా ఎక్కడుందో, భుజంలోకి వచ్చింది, రోకలిలోకి వచ్చింది, గుడ్డ ఊడిపోయి కర్ర ఇనుముకు తగిలి వఠారమంతా ఖంగుమంది, వెంకటలక్ష్మి బిందె పొర్లిపోయింది. భాగీరథమ్మ లేచి హ్యాండిల్‌కు రొమ్ము ఆనించి, రెండు కాళ్ళూ మన్నులో నాటుకుని, ఉన్న బరువంతా పెట్టి తోసింది.

లోపల టప్పుమంది. ఎండుకట్టె విరిగినట్టు. బండి ఒక్క ఉదుటున స్టాండు మీంచి దూకింది, ఆమె కూడా దానితో పాటు ముందుకు పోయింది, చక్రం తిరుగుతోంది, తిరుగుతోందని అరవబోయింది, అంతలో అది ఆగడం లేదని తెలిసింది. ముంగిలి గేటు వైపు వాలు, వాన నీళ్ళు పోవడానికి పెట్టినది. గేటు తెరిచే ఉంది, అవతల మురుగు మోరీ. ఒక పిడి నొక్కింది, రెండో పిడి నొక్కింది, రెండూ వట్టివే. కాలితో తొక్కేది ఎక్కడుందో అందలేదు, అందినా జేమ్సు నట్టు వదులు చేసి పోయాడు. వెనక్కి వాలింది, మడమలు మన్నులో జారాయి, ఒక చెప్పు ఊడింది, బండి గేటు వైపు ఆమెను లాక్కుపోతోంది నెమ్మదిగా, మొండి దూడ లాక్కుపోయినట్టు. వదిలేస్తే మోరీలో పడుతుంది. వదిలేస్తే తను పడదు. వదలలేదు. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని పట్టుకుంది, వెంకటలక్ష్మి ఏదో అరుస్తోంది, ఎవరిదో పరుగు చప్పుడు, బండి ఠక్కున ఆగింది.

కళ్ళు తెరిస్తే ఎదురుగా అలివేలు. గేటులో నిలబడి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, హ్యాండిల్ నడుమ చేతులేసి, రొప్పుతూ.

“విడు అత్తా. నేను పట్టుకునుండా.”

విడవాలనే ఉంది. వేళ్ళు రావడం లేదు. అలివేలు ఒక చేత్తో బండిని ఆపుకుంటూ ఇంకో చేత్తో అత్త వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసింది, అరచేతుల్లో పిడి గీతలు ఎర్రగా లేచాయి. అప్పుడు కిందికి చూసింది అలివేలు, ఒక కాలికే ఉన్న చెప్పును, చీర నిండా తుప్పు పొడిని, ముంగిట్లో పడి ఉన్న రోకలిని, రోకలి దగ్గర మొదలై గేటు దాకా మన్నులో పడ్డ టైరు అచ్చును. బండిని వెనక్కి తోసింది. ముందుకు తోసింది. కీచుమంటూనే తిరిగింది. ఆమె ముఖంలో ఏమొచ్చిందో భాగీరథమ్మ చూడలేకపోయింది, ఎండ కళ్ళలో పడింది.

“నేనే కడిగినా అలివేలూ,” అంది. “వాడు చూసుకోమన్న్యాడు.”

“తెలుసత్తా. నీ బొట్లు నాకు తెలీవా.” అలివేలు చీర కొంగుతో హ్యాండిల్ మీది చెమట తుడిచింది. “నేను లోపల పండుకోనుంటి. లేసొచ్చి ఒక చుట్టు తోలుంటే అయిపోతా ఉండె.”

పాతరోజుల్లో అయితే ఎవరో ఒకరు నీళ్ళు పట్టడానికి పోవాల్సిన సమయం ఇది. ఎవరూ పోలేదు. వెంకటలక్ష్మి కూడా పోలేదు, కానీ ఆమె సంగతి వేరు. అడగాలి, అడిగితే తెలిసిపోతుంది, ఫోను దొరికిందా అంది భాగీరథమ్మ. దొరికిందంది అలివేలు. అన్నే ఎత్తాడట. టెంపో తీసుకుని బయల్దేరాడట అప్పుడే.

బయల్దేరాడు. చక్రాలు రోడ్డెక్కేశాయి. హొసకోట నుంచి ఎంతసేపు, దారిలోని వేలాడే వంతెన దగ్గర బళ్ళ రద్దీ లేకపోతే ఎంతసేపు. అలివేలు బండిని గేటు బయటికి తిప్పుకుంది, ఎక్కలేదు, పక్కన నిలబడి తోసుకుపోయేటట్టు పట్టుకుంది, అత్త ముఖం ఏం లెక్కలు కడుతోందో కనిపెట్టినట్టు ఆగింది.

“జేమ్సు కాడికి పోతాండా. తిరగనిదాన్ని తిప్పేది వానికి చేతకాలా, తిరిగేదాన్ని నిలిపేదన్నా వస్తాదేమో చూస్తా. ఈ పొద్దే చేయకుంటే అంగడి ముందర కూసుంటా.”

“మీ అన్న వస్తాండాడు గదా.”

“రానీ. అన్నం తిని పోతాడు.” రెండడుగులు వేసి వెనక్కి తిరగకుండానే అంది, “వాడు బాగా తింటాడత్తా, బియ్యం కొంచెం ఎక్కువెయ్యి.”

కీచు కీచుమంటూ పోయింది బండి రోడ్డు వైపు. భాగీరథమ్మ మలుపు దాకా చూడలేదు. ఊడిన చెప్పు వెతుక్కుని కాలికి తొడుక్కుని లోపలికి వచ్చి, బియ్యం డబ్బా మూత తీసి, వచ్చేవాడికి ఒక శేరు వేసింది, కాస్త ఆగి, ఇంకో పిడికెడు వేసి, రాళ్ళు ఏరకుండానే నీళ్ళు పోసి కడిగింది.